అంకెలను నమ్మిన కథ, నమ్మని కథ

యూజినీ శామ్యూల్ రైక్ రచించిన ‘ప్లాస్టిక్ ఫెంటాస్టిక్’ 2009లో వెలువడింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జరిగిన ఒక శాస్త్రీయ మోసానికి అది చరిత్ర. పాత్రికేయురాలు రాసినది కనుక కథనం వేగంగా నడుస్తుంది. భౌతికశాస్త్రం అంతగా తెలియనివారు కూడా ఆగకుండా చదువుకోవచ్చు. దానిని చదువుతున్నంతసేపూ నాకు మరొక పుస్తకం గుర్తుకు వస్తూనే ఉంది. అది డాక్టర్ రిచర్డ్ బెర్న్‌స్టీన్ 1997లో ప్రచురించిన ‘డయాబిటిస్ సొల్యూషన్’. ఒకటి ట్రాన్సిస్టర్ల గురించి, మరొకటి మధుమేహం గురించి. ఏ గ్రంథాలయంలోనూ ఈ రెండూ ఒకే అరలో కనిపించవు. అయినా కర్బన పదార్థాలతో, సిరాతో అచ్చువేసే ఎలక్ట్రానిక్ పరికరాల చరిత్ర తెలుసుకోదలచినవారు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట సంగతి. ‘ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్’ అన్న పేరును తెలుగు చేయబోతే చిక్కు వస్తుంది. ‘సేంద్రియ’ అనగానే మన పాఠకుడికి పశువుల ఎరువు, మందులు కొట్టని కూరగాయలు స్ఫురిస్తాయి. అందువల్ల పాఠ్యపుస్తకాలలోని ‘కర్బన’ శబ్దాన్నే వాడుతున్నాను. కర్బన పరమాణువుల గొలుసులతో ఏర్పడే ప్లాస్టిక్కు విద్యుత్తును పోనివ్వదు. కరెంటు తీగకు దానితో తొడుగు వేసేది అందుకే. 1967లో టోక్యోలో ఒక ప్రయోగం గాడి తప్పింది. హిదెకి షిరకావా వద్ద పనిచేస్తున్న ఒక అతిథి పరిశోధకుడు ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువగా వేయడంతో, నల్లటి పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర ఏర్పడింది. దాని సంగతి విన్న అలన్ మెక్‌డయర్మిడ్ షిరకావాను ఫిలడెల్ఫియాకు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి రప్పించాడు. అక్కడ భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ హీగర్ తోడయ్యాడు. ఆ పొరకు అయొడిన్ ఆవిరి తగిలించి చూస్తే విద్యుద్వాహకత కోటి రెట్లు పెరిగింది. ఇది 1977 నాటి మాట. ఆ ముగ్గురికీ 2000లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

తరువాత పదేళ్లకు న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో, కోడక్ కంపెనీలో పనిచేసే చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ రెండు పలుచని కర్బన పొరలను జతచేసి పది వోల్టులలోపే వెలుగు పుట్టించారు. ఈనాటి ఖరీదైన ఫోన్ల తెరలు ఆ దీపానికి వారసులే. కోడక్ మాత్రం ఆ వ్యాపారాన్ని 2009లో ఎల్‌జీకి అమ్ముకుని, 2012లో దివాలా రక్షణ కోరింది. అది వేరే కథ, వేరే పుస్తకం.

వెలుగు కంటె పెద్ద ఆకర్షణ మరొకటి ఉంది. సిలికానుకు కొలిమి వేడి కావాలి, ధూళి చొరబడని గదులు కావాలి. కర్బన అర్ధవాహకాలలో చాలావాటిని ద్రావకంలో కరిగించి సిరాలాగా వాడుకోవచ్చు. మచిలీపట్నంలో అద్దకం పనివారు గుడ్డ మీద అచ్చు వేసినట్లు ట్రాన్సిస్టర్లను ప్లాస్టిక్ రేకు మీద అచ్చు వేయవచ్చునన్న ఆశ 1990లలో న్యూజెర్సీలోని ముర్రే హిల్‌ను, అంటే బెల్ ల్యాబ్స్‌ను, ఆవహించింది. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. 1997లో జెనాన్ బావో, ఆమె సహచరులు ముద్రణ పద్ధతులతోనే ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లను తయారుచేసి చూపించారు. కాని అలాంటి పని నెమ్మదిగా సాగుతుంది. వార్తాపత్రికల మొదటి పేజీకి ఎక్కదు.

మొదటి పేజీకి ఎక్కే పని యాన్ హెండ్రిక్ షోన్ చేశాడు. 1998లో జర్మనీ నుండి ముర్రే హిల్‌కు వచ్చేనాటికి అతనికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. కర్బన స్ఫటికాలు అతివాహకాలయ్యాయన్నాడు. వాటి నుండి లేజరు వెలువడిందన్నాడు. ఒకే అణువు మందం గల పొర ట్రాన్సిస్టరుగా పనిచేసిందన్నాడు. 2001లో సగటున ఎనిమిది రోజులకొక పత్రం అతని పేరుతో వచ్చింది. వాటిలో చాలా ‘నేచర్’, ‘సైన్స్’ వంటి పత్రికలలోనే వచ్చాయి. మరెక్కడా ఆ ఫలితాలు పునరావృతం కాలేదు. ప్రపంచమంతటా ఎందరో యువ పరిశోధకులు ఏళ్ల తరబడి ప్రయత్నించి, లోపం తమ చేతిలోనే ఉందనుకున్నారు.

2002 వసంతంలో ప్రిన్స్‌టన్‌లోని లిడియా సోన్, కార్నెల్‌లోని పాల్ మెకూయన్ ఆ పత్రాలలోని గీతలను పక్కపక్కన పెట్టి చూశారు. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గీతలలో ‘నాయిస్’ ఒకటిగానే ఉంది. వైద్యులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకే రోగికి ఐదు నిమిషాల తేడాతో రెండు ఈసీజీలు తీస్తే గుండె లయ ఒకేలా ఉండవచ్చు. కండరాల వణుకు వల్ల గీతలో ఏర్పడే సన్నని గరుకుదనం మాత్రం రెంటిలోనూ ఒకేలా ఉండదు. ఉంటే అది నకలు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మాల్కం బీజ్లీ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. పద్ధతి ప్రకారం రాసిన ప్రయోగ పుస్తకాలు లేవు. కంప్యూటరులో చోటు చాలక మూల దత్తాంశాన్ని చెరిపివేశానని షోన్ చెప్పాడు. పరికరాలు పాడయ్యాయి, లేదా పారవేశారు. పరిశీలించిన 24 ఆరోపణలలో 16 రుజువయ్యాయని ఆ సెప్టెంబరులో సంఘం తేల్చింది. ‘సైన్స్’ ఎనిమిది పత్రాలను, ‘నేచర్’ ఏడింటిని ఉపసంహరించాయి. 2004లో కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం అతని డాక్టరేటును కూడా వెనక్కు తీసుకుంది.

రైక్ పుస్తకంలో నాకు విలువైనదిగా తోచినది ఈ పట్టుబడిన ఘట్టం కన్నా, అంతకాలం పట్టుబడకపోవడానికి ఆమె చూపిన కారణం. సహచరులు ఏ ఫలితాన్ని ఆశిస్తున్నారో షోన్ శ్రద్ధగా వినేవాడట. కొన్నాళ్లకు సరిగ్గా అలాంటి అంకెలే తెచ్చేవాడు. తాము ఊహించినదే ఎదురుగా వచ్చి నిలబడితే అనుమానించేవారెవరు? పైగా అది బెల్ ల్యాబ్స్. ట్రాన్సిస్టరు పుట్టిన ఇల్లు. సహరచయితలెవరూ మోసంలో పాలుపంచుకోలేదని సంఘం నిర్ణయించింది. చట్టం దృష్టిలో అది న్యాయమే కావచ్చు. పత్రం మీద పేరు ఉన్న పెద్దవారు ఒక్కసారైనా ప్రయోగశాలలో పక్కన నిలబడి కొలత చూడకపోతే ఆ పేరు ఎందుకున్నట్లో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక నమ్మని కథ. నేను వైద్యవిద్య చదివిన రోజులలో వార్డులో మధుమేహానికి నిత్య పరీక్ష బెనిడిక్ట్ ద్రావణం. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల నీలి ద్రావణం, 8 చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. నీలం ఆకుపచ్చగా, పసుపుగా, చివరకు ఇటుక ఎరుపుగా మారేది. రంగును బట్టి ప్లస్ గుర్తులు వేసేవాళ్లం. మూత్రంలోకి చక్కెర దిగేసరికే రక్తంలో అది మితిమీరి ఉండేది. ఇక చక్కెర ప్రమాదకరంగా తగ్గిన సంగతి ఆ పరీక్షకు తెలిసే వీలే లేదు. అమెరికాలో కూడా ఇంటి వద్ద రోగికి దక్కినది చాలాకాలం వరకు మూత్రపరీక్షే.

రిచర్డ్ బెర్న్‌స్టీన్‌కు 1946లో, పన్నెండేళ్ల వయసులో, టైప్ 1 మధుమేహం వచ్చింది. పెద్దయి ఇంజినీరు అయ్యాడు. ముప్ఫై అయిదేళ్లు వచ్చేసరికి మూత్రపిండాలు దెబ్బతింటున్న సూచనలు కనిపించాయి. 1969లో ఆయన ఒక వ్యాపార పత్రికలో ప్రకటన చూశాడు. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌కు చెందిన ఏమ్స్ కంపెనీ ఒక్క రక్తపు చుక్కతో నిమిషంలో చక్కెర చెప్పే యంత్రాన్ని తయారుచేసింది. రాత్రివేళ ప్రయోగశాల మూసి ఉన్నప్పుడు, స్పృహ తప్పి వచ్చినవాడు తాగినవాడా, మధుమేహ రోగియా అని ఆసుపత్రివారు తేల్చుకోవడానికి ఉద్దేశించినది. బరువు సుమారు మూడు పౌన్లు. వైద్యులకు తప్ప ఇతరులకు అమ్మరు. బెర్న్‌స్టీన్ భార్య వైద్యురాలు. ఆమె పేరుతో కొన్నారు. ఆయన రోజుకు ఐదుసార్లు వేలు పొడుచుకుని, అంకెలు రాసుకుని, ఇన్సులిన్‌నూ ఆహారాన్నీ వాటికి తగ్గట్టు మార్చుకుంటూ పోయాడు. కొన్నేళ్లకు మూత్రంలో ప్రొటీన్ పోవడం ఆగిందని రాసుకున్నాడు.

ఈ అనుభవాన్ని వ్యాసంగా రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పి పంపాయి. చక్కెరను సహజస్థాయిలో ఉంచితే మేలు జరుగుతుందనడానికి రుజువు లేదన్నారు. ఒక్క రోగి అనుభవం రుజువు కాదన్న మాట నిజమే. నేనూ అదే అనేవాణ్ణేమో. కాని ఆ ప్రశ్నను పరీక్షకు పెట్టడానికి ఎంత ఆలస్యం జరిగిందో చూడండి. డీసీసీటీ అనే మహాపరిశోధన 1983లో మొదలై, 1,441 మందిని పరిశీలించి, 1993లో ఫలితం ప్రకటించింది. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవారిలో, అంతకుముందు కంటి జబ్బు లేనివారికి అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బెర్న్‌స్టీన్ అంతవరకు ఆగలేదు. తన మాట వినిపించాలంటే పేరు చివర పట్టా ఉండాలని గ్రహించి 1979లో, నలభై అయిదేళ్ల వయసులో, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో విద్యార్థిగా చేరాడు. 2025లో తొంభై ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన చెప్పిన అతి తక్కువ పిండిపదార్థాల ఆహారంపై వాదాలు ఇంకా తెగలేదు. నేను నా రోగులందరికీ దానిని సూచించను. చక్కెర కొలత రోగి చేతిలోనే ఉండాలన్న వాదంలో మాత్రం ఆయనదే పైచేయి అయింది.

ఆ వాదం గెలవడానికి పట్టా ఒక్కటే చాలలేదు. సిరా కూడా కావలసివచ్చింది. ఏమ్స్ యంత్రం రంగును కాంతితో చదివేది. దానికి బదులు విద్యుత్తుతో కొలవవచ్చునని ఒహాయోలోని సిన్సినాటిలో లేలండ్ క్లార్క్ 1962లోనే సూచించాడు. గ్లూకోజును ఎంజైమ్ విడదీసినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను ఒక లోహపు కొనకు అందించగలిగితే, వచ్చే కరెంటే చక్కెర మోతాదు. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఫెర్రోసీన్ అనే పదార్థాన్ని ఎలక్ట్రాన్ల మోతగాడిగా పెట్టి 1984లో దారి చూపారు. మసాచుసెట్స్‌లోని మెడిసెన్స్ కంపెనీ 1987లో దానిని కలం ఆకారంలో ‘ఎగ్జాక్‌టెక్’ పేరుతో అమ్మింది. అందులో వాడి పారవేసే పట్టీ ఒక ముద్రిత విద్యుత్ వలయం. శుభలేఖలు అచ్చువేసేవారి వద్ద కనిపించే బిగించిన తెర, రబ్బరు పలక, చిక్కని సిరా ఇక్కడా పనిముట్లే. సిరాలో రంగుకు బదులు కర్బన పొడి ఉంటుంది. ఈ ముద్రణ విద్య యుద్ధకాలంలో పుట్టింది. మిల్వాకీలోని సెంట్రలాబ్ సంస్థ 1945 నాటికి మోర్టారు గుండ్ల ఫ్యూజుల కోసం పింగాణీ పలకల మీద వెండి సిరాతో వలయాలను అచ్చువేసింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 1947లో ఆ పద్ధతులను వివరిస్తూ ఒక చిన్న పుస్తకమే ప్రచురించింది. గుండు ఎక్కడ పేలాలో చెప్పిన విద్య నలభై ఏళ్లకు మన పెద్దవాళ్ల పూజగదిలో, మందుల డబ్బా పక్కకు చేరింది. ఎలక్ట్రానిక్స్ అని ఎవరూ గుర్తించనంత మామూలు వస్తువైపోయింది.

ఈ రెండు కథలూ కలిసే చోట ఆడమ్ హెల్లర్ ఉన్నాడు. రుమేనియాలో పుట్టి, యూదుల సంహారం నుండి బయటపడిన ఈ రసాయనశాస్త్రజ్ఞుడు ముర్రే హిల్‌లోనే ఒక పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేసి, 1988లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ ఎలక్ట్రాన్లను మోసే మెత్తని పాలిమర్‌తో ఎంజైమును నేరుగా ఎలక్ట్రోడుకు కలిపాడు. కర్బన పదార్థం తీగగా మారి మన చర్మం కింద పనిచేయడమంటే ఇదే. 1996లో ఆయన తన కుమారునితో కలిసి స్థాపించిన థెరాసెన్స్ 2004లో అబట్ చేతికి వెళ్లింది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ‘ఫ్రీస్టైల్ లిబ్రే’ ఆ పరిశోధన ఫలమే. హెల్లర్ పేరు నా సాటి వైద్యులలో పదిమందికైనా తెలుసా అని నాకు అనుమానం.

జెనాన్ బావో 2004 నుండి స్టాన్‌ఫర్డ్‌లో ఉంది. చర్మంలా సాగే, స్పర్శను గుర్తించే కర్బన వలయాలపై పనిచేస్తున్నది. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన జాన్ రోజర్స్ ఇప్పుడు నార్త్‌వెస్టర్న్‌లో చెమటను కొలిచే మెత్తని పట్టీలు తయారుచేస్తున్నాడు. ఇటువంటివి రోగి వద్దకు రాబోతున్నాయి; కొన్ని వచ్చేశాయి. వాటి వెంట వాటి నకళ్లూ వస్తాయి. వేలు పొడవకుండానే చక్కెర చెప్పే వాచీ కొన్నామని, ఉంగరం కొన్నామని నాకు ఫోను చేసే బంధువులకు కొదవలేదు. చర్మాన్ని గుచ్చకుండా చక్కెర కొలుస్తామనే ఏ వాచీకీ ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మవద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. రెండు వారాలకు, మార్చి 5న, అదే సంస్థ ‘స్టెలో’ అనే సెన్సారును వైద్యుని చీటీ లేకుండా అమ్మడానికి మొదటిసారిగా అనుమతించింది. ఇన్సులిన్ వాడని పెద్దలెవరైనా దానిని కొనుక్కోవచ్చు. 1969లో బెర్న్‌స్టీన్‌కు దానిలాంటిది కొనడానికి భార్య పేరు కావలసివచ్చింది.