ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి సర్వర్ ర్యాకు దాకా

ఊరంతా కరెంటు పోయి చీకటైనా ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగేది. ఆ ఫోనుకు కరెంటు ఇంటి మీటరు నుంచి కాదు, ఎక్స్ఛేంజిలోని బ్యాటరీ గది నుంచి మాట నడిచే రాగి తీగల మీదే వచ్చేది. 2 వోల్టుల లెడ్ యాసిడ్ సెల్లులు 24 వరుసగా కలిపితే 48 వోల్టులు. దూరాలకు పారేంత ఎక్కువ, లైన్‌మన్ చెయ్యి తగిలినా మామూలుగా ప్రాణాపాయం లేనంత తక్కువ. ఎంత తూచి పెట్టిన అంకె!

సర్వర్లు మాత్రం ఆ దారి పట్టలేదు. పర్సనల్ కంప్యూటర్ అచ్చులో పోసినవి కనుక పెట్టెకో పవర్ సప్లై, లోపల 12 వోల్టులు. ఒకటి పాడైతే ఆదుకుంటుందని రెండో సప్లై కూడా పెడతారు. చాలామంది ప్లానింగులో పొరబడేది ఇక్కడే. లోడంతా ఒక్క సప్లై మోయగలగాలి. లేదంటే రెండోది ఉన్నా లేనట్టే. రెండింటినీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే, ఆ యూపీఎస్ పోయిననాడు రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

2009లో గూగుల్ తన సర్వరును మొదటిసారి బయట చూపించింది. అందులో బోర్డుకు తోడుగా 12 వోల్టుల బ్యాటరీ ఉంది. 2011లో ఫేస్‌బుక్, ఒరెగాన్‌లోని ప్రైన్‌విల్ డేటా సెంటర్ డిజైన్లను ఓపెన్ కంప్యూట్ పేరుతో అందరి ముందూ పెట్టింది. అక్కడ సర్వర్లకు 277 వోల్టుల ఏసీ. అది పోతే ఆదుకునేది 48 వోల్టుల బ్యాటరీ బీరువా! పాత ఎక్స్ఛేంజి అంకె మళ్లీ తొంగిచూసింది.

ఆ అంకెతో లాభమేంటో లెక్క చూద్దాం. సర్వర్లు పేర్చిన ఒక ర్యాకు 12 కిలోవాట్లు తాగుతుందనుకుందాం. 12 వోల్టులైతే 1000 ఆంపియర్లు, 48 అయితే 250. వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే రాగి పట్టీలో నష్టం పదహారో వంతుకు దిగుతుంది. 2016లో గూగుల్ ఓపెన్ కంప్యూట్‌లో చేరి 48 వోల్టుల ర్యాకునే ముందుకు తెచ్చింది.

ఏఐ ర్యాకులు ఈ లెక్కనూ దాటేస్తున్నాయి. మెగావాట్ ర్యాకుకు 48 వోల్టుల దగ్గర 20,000 ఆంపియర్లకు పైనే కావాలి. అంత రాగిని ర్యాకులో ఎక్కడ ఇరికిస్తారు? అందుకే 2025లో ఎన్విడియా 800 వోల్టుల డీసీని ప్రకటించింది. ఇక ర్యాకు వెనక చెయ్యి పెట్టే మనిషికి ఆ పాత లైన్‌మన్ నిశ్చింత ఉండదు.