డేటా ఉల్లంఘన నివేదన చట్టాలు

వ్యక్తిగత సమాచారం చోరీ అయినా, పొరపాటున బయటపడినా, చెరిగిపోయినా ఆ సంగతిని ప్రభుత్వానికి, బాధితులకు సంస్థలు తెలపాలని నిర్దేశించేవి డేటా ఉల్లంఘన నివేదన చట్టాలు. ఇటువంటి చట్టం తొలిసారి 2003 జులై 1న కాలిఫోర్నియాలో అమలైంది.

భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం (సెర్ట్-ఇన్) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో ఆ బృందానికి నివేదించాలి. అందులో బాధితుడి ఊసు లేదు. ఆ లోటును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం తీర్చింది. 2025 నవంబరులో వెలువడిన నియమాల ప్రకారం డేటా సంరక్షణ బోర్డుకు వెంటనే సమాచారమిచ్చి, 72 గంటల్లో పూర్తి వివరాలు సమర్పించాలి. బాధితులకు పంపే కబురు సులభమైన భాషలో ఉండాలి: ఏం జరిగింది, ఎప్పుడు, దానివల్ల కలిగే ముప్పేమిటి, తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి, ఎవరిని సంప్రదించాలి. తెలపకపోతే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉంటుంది. ఈ నిబంధనలకు 18 నెలల గడువిచ్చారు.

2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా చోరీ కేసులో ఒకరు అరెస్టయ్యేనాటికి ఈ చట్టం అమల్లోకి రాలేదు.

చట్టం ప్రభుత్వ రంగానికీ వర్తిస్తుంది. సింగరేణి వంటి బొగ్గు గనుల సంస్థలో కార్మికుడి బ్యాంకు ఖాతా, వైద్య వివరాలు కంప్యూటర్‌లో ఉంటే అవి దీని పరిధిలోవే. కాగితపు రిజిస్టరులోనే ఉండిపోయినవి కావు.