మూన తిరిగిన మనుషులు

కృష్ణా కాలవలకి నీళ్లు వదిలారంటే వడ్లమూడి, తెనాలి చుట్టుపక్కల రెండు పనులకి ముహూర్తం కుదిరినట్టే. ఒకటి నారుమడి, రెండోది బాప్తిస్మం. వేసవంతా కాలవ కట్టేసి ఉంటుంది. అడుగున పగుళ్లు, గేదెలు పొర్లే గుంటలు తప్ప మనిషి మునిగేంత నీళ్లుండవు. మారుమనసు ఏప్రిల్‌లోనే వచ్చినా బాప్తిస్మానికి జూన్, జూలై దాకా ఆగాల్సిందే. పరలోకం తలుపు తీసేది ఎవరైనా, లాకులు ఎత్తేది మాత్రం ఇరిగేషన్ వాళ్లు.

ఏటా జూలై 3 వచ్చిందంటే నాకు ఒక నీళ్ల కథ చెప్పాలనిపిస్తుంది. అంతకుముందు చిన్నప్పుడు కాలవ రేవులో విన్న ఒక ప్రసంగం. ఆ పాస్టరుగారు వారమంతా కూలికి వెళ్లేవారు, ఆదివారం వాక్యం చెప్పేవారు. ఆరోజు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గట్టు మీద ఎవరో దించిన నారు కట్ట ఒకటి అందుకున్నారు.

“ఏమ్మా, ఊడ్పులకి పోయేదానివి, నువ్వే చెప్పు. నాటిన రెండో రోజు నారు ఎట్టుంటది?”

“తల వాల్చేసి, పాలిపోయి ఉంటదయ్యా.”

“చచ్చినట్టా?”

“చావదు. మూన తిరగాల.”

“అదేనమ్మా బాప్తిస్మం.”

అంతే ప్రసంగం. పౌలు రోమీయులకి రాసిన ఉత్తరం ఆరో అధ్యాయంలో బాప్తిస్మాన్ని పాతిపెట్టడంతో, తిరిగి లేవడంతో పోల్చాడు. నారుమడి నుంచి పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి, మొక్క వాడుతుంది, వారం పది రోజులకి కొత్త వేరు తొడుక్కుని పచ్చగా లేస్తుంది. మన రైతులు దాన్ని ‘మూన తిరగడం’ అంటారు. పౌలుకి ఆ మాట తెలిసుంటే ఉత్తరం ఇంకొంచెం పొట్టిగా ఉండేదేమో! గింజదీ అదే దారి. వడ్లు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు గోనెసంచిలో మండె కడతారు. చీకట్లో, ఉక్కలో గింజ పగిలి మోసు వస్తుంది. పేరులోనే వడ్లున్న వడ్లమూడిలో దీనికి వేరే వ్యాఖ్యానం ఎందుకు?

చరిత్రకి వస్తే, యొర్దాను నది నుంచి మన నేల దాకా పద్దెనిమిది వందల ఏళ్లని ఒక్క గంతులో దాటేద్దాం. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. 1836లో శామ్యూల్ డే అనే బాప్టిస్టు తెలుగువాళ్ల మధ్యకి వచ్చి, తర్వాత నెల్లూరు చేరాడు. 1842 జూలై 31న హయ్యర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. డెల్టాకి కాలవలొచ్చాయి. ఇక నాకిష్టమైన చోటికి వద్దాం, ఒంగోలుకి.

బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. పాదిరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876లో కరువు మొదలై రెండేళ్లు జనాన్ని పీల్చేసింది. అప్పుడు దొరకి పాత విద్య అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్న మాదిగ కుటుంబాలకీ, మిగతావాళ్లకీ కూలి పని ఇచ్చాడు. కానీ ఒక నియమం పెట్టుకున్నాడు. కరువు సాయం సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం లేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆపేశాడు.

వానలు పడ్డాయి, సాయం ఆగింది. “డబ్బులైపోయాయి, ఇళ్లకి వెళ్లండి” అని కబురు పెట్టాడు. జనం మాత్రం కదల్లేదు. తవ్వకంలో అరచేతులకి లేచిన బొబ్బలు చూపించారు. మాకు డబ్బు వద్దు, పని చేసుకుని బతుకుతాం, మళ్లీ పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారట. ఈ కథ దొర వైపు నుంచే మనకి అందింది, ఆ సంగతి మరవకూడదు. అయినా ఆ బొబ్బల దగ్గర నా అనుమానం ఆగిపోతుంది.

దొర ఒప్పుకున్నాడు. ఒంగోలుకి పదిమైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉంది వెల్లంపల్లి. 1878 జూలై 2న 614 మంది మునిగారు. మర్నాడు, జూలై 3న, 2,222 మంది. నాలుగున మరో 700. మూడు రోజులకి 3,536. ఆ నడిమి రోజు దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకున్నారు. పొద్దున ఆరింటికి మొదలై, ఎండ వేళ ఆపి, రెండింటికి మళ్లీ దిగి, అయిదింటికి ముగించారు. లెక్కేస్తే మనిషికి అర నిమిషం. పేరు పిలవడం, నీళ్లలోకి దింపడం, ముంచడం, లేపడం, తడి బట్టలతో గట్టెక్కించడం అన్నీ ఆ అర నిమిషంలోనే. తొందరపాటని అక్కడ అమెరికాలో విమర్శించినవాళ్లున్నారు. ఊడ్పుల్లో ఆడవాళ్ల చేతులు ఆడే వేగం వాళ్లు చూడలేదు.

మన తెనాలి వైపు వ్యవహారం అంత సూటిగా లేదు. గుంటూరు లూథరన్లది పసిబిడ్డకి నీళ్లు చిలకరించే పద్ధతి, బాపట్ల బాప్టిస్టులది ముంపు. చుట్టరికాలు కలిశాక ఈ వాదన పెళ్లిళ్లలో కూడా వస్తుంది. “చినుక్కీ పండుతుంది, పారుదలకీ పండుతుంది, కలుపు తీయకపోతే రెండిటికీ పండదు” అని మా ఇంట ఒక పెద్దాయన వాదన తుంచేసేవారు. ముంపు మాటకొస్తే, 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లకి నీళ్లలో చావుందని ఏ పాస్టరూ చెప్పనక్కర్లేదు. బయటికి లేవడమే చెప్పాలి.

ఇప్పుడు వడ్లమూడి అంటే విజ్ఞాన్ యూనివర్సిటీ, సంగం డెయిరీ, గుంటూరు–తెనాలి రోడ్డు. చర్చిల్లో టైల్స్ పరిచిన తొట్లు కట్టారు, కుళాయి తిప్పితే యొర్దాను. కాలవ నీళ్లు మురికయ్యాయి కాబట్టి తొట్లు కట్టినవాళ్లనీ తప్పుపట్టలేం. అసలు చిక్కు పొలంలో వచ్చింది. కూలి ఖర్చు భరించలేక చాలామంది వడ్లు నేరుగా వెదజల్లుతున్నారు. నారుమడి లేదు, పీకుడు లేదు, ఊడ్పు లేదు. మొన్న ఓ కుర్రాణ్ణి ‘మూన’ అంటే తెలుసా అని అడిగితే, ఫోన్‌లో వెతకబోయాడు. ఆ పాస్టరుగారి ప్రసంగం ఇప్పుడు వీడికెలా చెప్పాలి?

అయినా జూలైలో అటుగా వెళ్తే కాలవ రేవుల్లో తెల్లబట్టల గుంపులు ఇంకా కనిపిస్తాయి. బండి ఆపి కాసేపు చూడండి. దిగేటట్టయితే మాత్రం చెప్పులు విడిచి దిగండి, మెట్లు నాచుపట్టి ఉంటాయి.