కుండీ మట్టి కడగడం

కుండీలో పేరుకున్న ఎరువుల లవణాలను ఎక్కువ నీటితో అడుగు రంధ్రాల గుండా బయటికి పంపే పద్ధతి ఇది. మిద్దెతోటల్లో గులాబీ, టమాటా, మిరప మొక్కలకు దీని అవసరం తరచూ పడుతుంది. ఉప్పదనమున్న బోరునీరు వాడేచోట మరీను. ఆకుల కొనలు మాడడం, తడి ఉన్నా మొక్క వడలడం, మట్టిపైన తెల్లటి పొర కట్టడం లవణాలు పేరుకున్నాయనడానికి గుర్తులు. కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల మంచినీటిని ఆగి ఆగి, నిదానంగా పోయాలి. పళ్లెంలోకి దిగిన నీటిని పారబోయాలి. వదిలేస్తే లవణాలు తిరిగి మట్టిలోకి ఎక్కుతాయి.

నైట్రేట్ మట్టి రేణువులకు అంటుకోదు కాబట్టి కడిగినప్పుడు నత్రజని చాలావరకు పోతుంది. అయినా వెంటనే ఎరువు వేయకూడదు. కొత్తగా కుండీ మార్చిన మొక్క విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. మార్పిడిలో నీటిని పీల్చే సన్నని వేరునూగు తెగిపోతుంది. ఆ స్థితిలో ఘాటైన ద్రావణం పోస్తే అది వేళ్లలోని నీటినే బయటికి లాగుతుంది. మొక్కను కొన్నాళ్లు నీడన ఉంచి, కొత్త చిగురు కనిపించాక సగం మోతాదుతో ఎరువు మొదలుపెట్టడం మేలు.

పై అంగుళం మట్టి ఆరాకే మళ్లీ నీరు పోయాలి. వడలిన ఆకులు చూసి కంగారుపడి రోజూ పోస్తే గాలి అందక వేళ్లు కుళ్లుతాయి.