నేరం, మనసు, బొమ్మ: తెనాలి సీమ కథల వ్యాపారం

నేరం చేసినవాడినీ, వాణ్ని వదల్లేని మరొకరినీ ఒకే ముడిలో బిగించి, ఆ ముడి బిగుస్తున్న కొద్దీ ఇద్దరి మనసులూ ఎలా పాడవుతాయో బొమ్మల్లో చూపించడం జపాన్ మాంగాలో స్థిరపడిన ఒక పద్ధతి. ఉరసావా నావోకీ గీసిన ‘మాన్‌స్టర్’ (1994–2001) దీనికి పేరుమోసిన ఉదాహరణ. జర్మనీలో పనిచేసే జపాన్ డాక్టరు ఒక కుర్రాడికి ఆపరేషన్ చేసి బతికిస్తాడు. ఆ కుర్రాడే హంతకుడయ్యాక, తను నిలబెట్టిన ప్రాణం వెంట తనే పడతాడు. తెలుగులో సరిగ్గా ఇలాంటి బొమ్మల నవల పాతుకోలేదు. దానికి కావలసిన మూడు దినుసులు మాత్రం ఇరవయ్యో శతాబ్దం నడిమి దశకాల్లో తెనాలి మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. అవి ఒక చోట కలవలేదంతే.

చౌక నవలకు ఆ రోజుల్లో రైలే పెద్ద అంగడి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు రైల్వే స్టేషన్లలోనే ఎక్కువగా అమ్ముడుపోయాయి. తర్వాతి తరంలో ఆ పని అద్దె పుస్తకాల షాపులు అందుకున్నాయి.

ఆ షాపుల్లో అట్టలు ఊడేదాకా తిరిగినవి డిటెక్టివ్ నవలలు. వాటిలో ముందువరస కొమ్మూరి సాంబశివరావుది. ఆయన 1926లో తెనాలిలో పుట్టాడు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒక తరం పాఠకులకు ఇంటిమనుషులైపోయారు. యుగంధర్ క్రిజ్లర్ కారు కూడా ఒక పాత్రలాగే గుర్తుండిపోయింది. ఈ నవలల్లో హత్య ఒక చిక్కుముడి. అది విడిపోగానే హంతకుడితో పని అయిపోయినట్టే. వాడు రాత్రిళ్లు ఎలా నిద్రపోయాడన్నది యుగంధర్‌కు అక్కర్లేదు, పాఠకుడూ అడగలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు తెనాలి ‘సూతాశ్రమం’లో పెరిగిన గోపీచంద్. త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకైన ఆయన 1940ల్లో రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా లెక్కిస్తారు. అందులో సీతారామారావు పరువు కోసం ఆస్తి కరగబెట్టుకుంటాడు. లోపలి చేతకానితనం పెరిగేకొద్దీ లోకాన్నీ, ఇంట్లోవాళ్లనూ తప్పుపడుతూ దిగజారిపోతాడు. భార్య ఇందిరతో అతని కాపురం చదువుతుంటే విషపు బంధం అనే మాటకు వేరే వివరణ అక్కర్లేదు. తెలుగులో ఒక మనిషి తనను తాను నాశనం చేసుకోవడాన్ని ఇంత దగ్గరగా చూపిన పుస్తకాలు తక్కువ. అయితే ఇందులో పోలీసుల పరిశోధన లేదు, బొమ్మలూ లేవు.

బొమ్మ మద్రాసులో దొరికింది, దాన్ని నడిపినవాళ్లు మళ్లీ తెనాలివాళ్లే. తెనాలి చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో పిల్లల పత్రిక ‘చందమామ’ ప్రారంభించాడు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రిక సంపాదకత్వం చూశాడు. తెనాలి ప్రాంతపు దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మాంత్రికుల సీరియళ్లు రాస్తే, చిత్రకారుడు చిత్రా వాటికి రంగుల బొమ్మలు వేశాడు.

మూడు దినుసులూ అంచుల్లో ఒకదాన్నొకటి తాకింది బేతాళ కథలోనే. పదకొండో శతాబ్దపు సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లో భిక్షువు క్షాంతిశీలుడు రోజూ రాజుకు ఒక పండు ఇస్తాడు. ఆ పండులో రత్నం ఉంటుంది. ఉచితంగా వచ్చిన ఆ కానుకలే రాజును లొంగదీస్తాయి. అడిగిన సాయం శ్మశానం నుంచి శవాన్ని మోసుకురావడం, అసలు ఉద్దేశం రాజునే బలివ్వడం. దారిలో శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే శవం చెట్టెక్కుతుంది. చివరికి కుట్ర బయటపెట్టి రాజును కాపాడేదీ ఆ బేతాళుడే. మోసేవాడికీ మోయించుకునేవాడికీ మధ్య ఇంత చిక్కని బంధం మన కథల్లో మరోటి వెతకాల్సిందే.

‘చందమామ’ ఈ చట్రాన్ని తీసుకుంది గానీ, మూలంలోని పాతిక కథలూ అయిపోయాక కొత్త కథలు అల్లించి దశాబ్దాలు నడిపింది. భుజాన శవం, చేతిలో కత్తితో శంకర్ (కె.సి. శివశంకరన్, 1924–2020) గీసిన రాజు బొమ్మ దాని గుర్తింపు అయింది. ముగింపు వాయిదా పడుతూ ఉన్నంతకాలం భిక్షువు కుట్ర తెరవెనకే ఉండిపోయింది, భయం పోయి తర్కం మిగిలింది. పిల్లల పత్రికకు అది సరైన నిర్ణయమే. నేరస్థుడి మనసు, ముదిరిన వ్యామోహం తర్వాతి కాలంలో వారపత్రికల సీరియళ్లలో చేరాయి. అక్కడ కథ అంతా అక్షరాల్లోనే నడిచింది, వారానికి ఒకటో రెండో బొమ్మలు దానికి అలంకారంగా మిగిలాయి.