నెమ్ము - పొగ - గాలి : ఇంగ్లండు ఇంటి కథ

తెలుగులో 'నెమ్ము' అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. వానాకాలంలో గోడకు పట్టేది నెమ్ము. చలికాలంలో పిల్లల రొమ్ములో చేరేదీ నెమ్మే. ఇంటి జబ్బుకూ ఒంటి జబ్బుకూ ఒకే పేరు పెట్టిన మన పెద్దలు తెలిసి పెట్టారో, తెలియక పెట్టారో చెప్పలేము. కాని ఆ రెండింటికీ గల చుట్టరికం చలిదేశాల ఇళ్ళ చరిత్రను తిరగేస్తే స్పష్టంగా కనబడుతుంది. ఇల్లు వెచ్చగా ఉండాలి, పొడిగానూ ఉండాలి. ఈ రెండు కోరికలూ కలిసి నెరవేరడానికి ఇంగ్లండులో రెండువేల ఏళ్ళు పట్టింది. కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ నెరవేరలేదు.

మొదట రోమనుల సంగతి. వారు ఇంగ్లండును ఏలిన రోజుల్లో ధనికుల భవనాల్లోనూ స్నానశాలల్లోనూ నేల కింద ఇటుక స్తంభాలు నిలబెట్టి, వాటి మీద గచ్చు వేసేవారు. పక్కనున్న కొలిమిలో మంట పెడితే వేడిగాలి నేల అడుగున తిరిగి, గోడల్లో అమర్చిన బోలు పెంకుల గుండా పైకి పోయేది. దీనికి హైపోకాస్ట్ అని పేరు. చెడ్‌వర్త్ గ్రామం దగ్గర బయటపడిన భవనంలో ఆ స్తంభాలను నేటికీ చూడవచ్చు. నేల వెచ్చన, గోడ వెచ్చన, గదిలో పొగ లేదు. ఇంతకన్నా ఏం కావాలి? కావలసినవల్లా కట్టెలు, వాటిని మోసే బానిసలు. అయిదవ శతాబ్ది ఆరంభంలో రోమను పాలన ముగియగానే ఈ విద్యా మరుగున పడింది.

తరువాత వెయ్యేళ్ళపాటు అక్కడి ఇంటికి నడిమంటే దిక్కు. పెద్ద చావడి మధ్యలో నేలమీద మంట, పైన కప్పులో ఒక కంత. పొగ ఇల్లంతా తిరిగి తిరిగి తీరికగా బయటికి పోయేది. పెన్స్‌హర్స్ట్ ప్లేస్‌లో 1341 నాటి చావడి నడుమ ఎనిమిది పలకల పొయ్యి ఇప్పటికీ ఉంది. కళ్ళు మండేవి, దూలాలు మసిబారేవి. అయితే కప్పులో కంత, తలుపుల్లో సందులు ఉండటంతో గాలికి లోటు లేదు. నెమ్ము నిలిచే వీలూ తక్కువే.

పొగగొట్టం మొదట కోటల్లోకి, మఠాల్లోకి వచ్చింది. పదహారవ శతాబ్దిలో గాని సామాన్యుల ఇళ్ళకు చేరలేదు. విలియం హారిసన్ అనే గ్రామ పురోహితుడు 1577లో అచ్చయిన తన ఇంగ్లండు వర్ణనలో, ఊరి వృద్ధులు తమ కాలంలో వచ్చిన వింతల్లో పొగగొట్టాల విస్తరణను ఒకటిగా చెప్పారని రాశాడు. అంతటితో ఆగలేదు. పొగగొట్టాలు వచ్చాక జనానికి జలుబులూ పడిశాలూ ఎక్కువయ్యాయని, పాతకాలపు పొగ ఇంటి కలపను గట్టిపరచి, ఇంటి యజమానిని రోగాలనుంచి కాపాడేదని వాపోయాడు. కట్టెలపొయ్యి పోయి గ్యాసుపొయ్యి వచ్చిననాడు మన అమ్మమ్మలు అన్న మాటలు గుర్తుకు రావడంలేదూ! పొగ ఆరోగ్యమన్నది భ్రమే. కాని ఇంట్లో ఒకటి మారిస్తే ఇంకొకటి దానంతటదే మారుతుందని ఆయన గమనించినమాట నిజం.

పొయ్యి గోడలోకి చేరాక ప్రభుత్వం కన్ను దానిమీద పడింది. 1662లో రెండవ ఛార్లెస్ కాలంలో ఒక్కొక్క పొయ్యికి ఏటా రెండు షిల్లింగుల పన్ను వేశారు. లెక్క చూసేందుకు అధికారులు ఇళ్ళలోకి జొరబడటం జనానికి కంటగింపయింది. 1689లో దాన్ని ఎత్తివేశారు. ఏడేళ్ళు తిరగకుండానే, 1696లో, కిటికీలమీద పన్ను వచ్చింది. కిటికీలను బయటినుంచే లెక్కపెట్టవచ్చు గదా! పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలను ఇటుకలతో మూసేశారు. 1851 దాకా, అంటే నూట యాభై ఏళ్ళకు పైగా, వెలుతురుకూ గాలికీ సుంకం కట్టిన దేశమది. అలా మూసిన కిటికీలు పాత వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

గోడపొయ్యికి ఒక దుర్గుణం ఉంది. వేడిలో అధికభాగం గొట్టం వెంట ఆకాశానికి పోతుంది. పైగా మంట గదిలోని గాలిని లాక్కుంటుంది గనుక, ఆ ఖాళీని నింపడానికి తలుపు సందుల్లోనుంచి చలిగాలి దూరుతుంది. ముఖం కాలుతూ ఉంటుంది, వీపు వణుకుతూ ఉంటుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలో అమెరికాలో ఇనుప పొయ్యి రూపొందించింది ఈ బాధ పడలేకే. కౌంట్ రంఫర్డ్ 1796లో ప్రకటించిన వ్యాసంలో మరొక ఉపాయం చెప్పాడు. పొయ్యి లోతు తగ్గించు, పక్క గోడలను ఏటవాలు చేసి వేడిని గదిలోకి మళ్ళించు, గొట్టం గొంతును నాలుగంగుళాలకు ఇరుకుచేయి. అంతే. ధనికుల ఇళ్ళలో ఈ మార్పు పెద్ద మోజయింది.

అయినా ఆ దుర్గుణంలోనే ఒక సుగుణం దాగి ఉందని అప్పుడెవరూ పట్టించుకోలేదు. వేడిని దోచుకుపోయే ఆ గొట్టమే ఇంటి తేమనూ మోసుకుపోయేది. తన పని అయిపోయాక గాని దాని విలువ తెలియలేదు.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచు ఈ కథను మలుపు తిప్పింది. ఇంటింటి బొగ్గు పొయ్యిలూ, విద్యుత్కేంద్రాలూ వదిలిన పొగ గాలిలేక కిందనే నిలిచిపోయింది. నాలుగువేలమంది చనిపోయారని అప్పటి లెక్క, పన్నెండువేలదాకా ఉండవచ్చునని తరువాతి అంచనా. 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. 1965లో ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికింది. బొగ్గు పోయి, గ్యాసు బాయిలరూ, వేడినీటి రేడియేటర్లూ ఇంటింటా వెలిశాయి. పొయ్యి నోళ్ళకు పలకలు కొట్టేశారు. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంధనం ఆదా పేరిట సందులు పూడ్చారు, జంట అద్దాల కిటికీలు బిగించారు. చేసిన ప్రతి పనీ సబబైనదే. అన్నీ కలిసి ఇంటి ముక్కు మూసేశాయి.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అందులో అరవై శాతం ఉందనుకుందాం, అంటే పది గ్రాములకు కొంచెం పైన. ఆ గాలి 12 డిగ్రీలకు చల్లబడితే ఇక మోయలేక నీటిని విడుస్తుంది. బీరువా వెనక మూల, పడకగది బయటి గోడ, కిటికీ అంచు సరిగ్గా అంత చల్లగా ఉంటాయి. అక్కడ గోడ చెమరుస్తుంది, నల్లని బూజు పుడుతుంది. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, ఉతికి ఆరేసిన బట్టలు కలిసి రోజుకు పది లీటర్ల నీటిని గాలిలో కలపగలవు. అక్కడ అద్దె గదుల్లో కాపురముంటూ రేడియేటరు మీద తడిబట్టలు ఆరేసే మనవాళ్ళకు ఈ బూజు కొత్తకాదు.

విరుగుడు వినడానికి విడ్డూరంగా ఉంటుంది. బయట మంచు కురుస్తుంటే కిటికీ తెరవాలి! 5 డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా ఘనమీటరుకు ఏడు గ్రాములకు మించి మోయలేదు. దాన్ని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడిచేస్తే తేమ నలభై శాతానికి దిగుతుంది. అంటే మారిన ప్రతి ఘనమీటరుతో దాదాపు మూడున్నర గ్రాముల నీరు బయటికి పోతుంది. పది లీటర్లు పోవాలంటే ఓ మోస్తరు ఇంట్లో గాలంతా రెండు గంటలకొకసారి మారాలి. ఆ గాలిని వేడిచేయడానికి రోజుకు సుమారు పద్నాలుగు యూనిట్ల శక్తి ఖర్చవుతుంది. బీదవాడు కిటికీ ఎందుకు మూసుకుంటాడో ఈ అంకె చెబుతుంది. (మన కోస్తా ఉక్కపోతలో ఈ సూత్రం తిరగబడుతుంది. అక్కడ బయటి గాలే లోపలి గాలికన్నా ఎక్కువ నీరు మోసుకొస్తుంది.)

2020 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో రెండేళ్ళ అవాబ్ ఇషాక్ అనే పసివాడు మరణించాడు. సూడాను నుంచి వచ్చిన కుటుంబం, అద్దె ఇల్లు. బూజు గురించి తండ్రి 2017 నుంచే మొరపెట్టుకుంటే, పైన రంగు వేసుకోమన్నారు. తేమకు కారణం ఆ కుటుంబం బతికే తీరేనన్న మాటా వచ్చింది. ఇంటి బూజును దీర్ఘకాలం పీల్చడంవల్ల కలిగిన శ్వాసవ్యాధే మరణ కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ ఇంట్లో తేమ బయటికి పోయే సదుపాయం చాలలేదన్నదీ విచారణలో బయటపడింది. ఆ పిల్లవాడి పేరిట వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు నుంచి అమలవుతున్నాయి. ప్రమాదకరమైన తేమ, బూజుల ఫిర్యాదు వస్తే సామాజిక గృహాల యజమానులు గడువులోపల పరిశీలించి బాగుచేసి తీరాలి.

గృహస్థుడు ఎంచుకోవలసిందేమిటి? వేడి వేరు, గాలి వేరు అనుకోకపోవడమే మొదటి పాఠం. గొట్టం లేని కిరోసిన్ హీటరు వెచ్చదనమిస్తుంది గాని, లీటరు కిరోసిన్ మండితే లీటరు నీరు గదిలోకే వస్తుంది. ఒక గంట భగ్గున కాచి ఆర్పడంకన్నా రోజంతా మందంగా కాస్తే గోడలు చల్లబడవు. పాత ఇంటికి వంటగదిలో, స్నానాలగదిలో తేమను పసిగట్టి తిరిగే ఫ్యాను చాలవరకు సరిపోతుంది. పునాదినుంచి ఎక్కే చెమ్మకూ, కప్పు కారే నీటికీ మాత్రం ఫ్యాను మందు కాదు. గట్టిగా మూసిన కొత్త ఇంటికి వేరే దారి ఉంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ నగరంలో 1990-91లో కట్టిన తొలి పాసివ్ హౌస్‌లో, బయటికి పోయే గాలి తన వేడిలో అయిదింట నాలుగు వంతులు లోపలికి వచ్చే గాలికి అప్పగించి పోతుంది. పద్నాలుగు యూనిట్ల ఖర్చు మూడుకు దిగుతుందన్నమాట. రోమనుల వెచ్చని నేలా, నడిచావడి కప్పులోని కంతా చివరికి ఒకే పెట్టెలో కలుసుకున్నాయి.

కాని ఆ పెట్టె కొనుక్కోగలిగినవారికి నెమ్ము బాధ ముందునుంచీ తక్కువే. హైపోకాస్ట్ నాడు ఎవరికి వెచ్చదనం దక్కిందో, కిటికీ పన్ను నాడు ఎవరికి వెలుతురు దక్కిందో, ఈనాడు పొడిగాలి కూడా ముందుగా వారికే దక్కుతున్నది. గోడ నెమ్మూ రొమ్ము నెమ్మూ ఒకటేనని మన భాష ఎప్పుడో చెప్పింది. ఆ మాట చట్టానికి తెలియడానికి ఒక పసిప్రాణం పోవలసి వచ్చింది.

వంటింటి పొగ పోయే కంతను కొందరు పొగగూడు అంటారు, కొందరు గవాక్షమంటారు. మీ ప్రాంతంలో ఏమంటారో తెలియజేస్తే సంతోషిస్తాను. ఆ కంతలు మన ఇళ్ళలోనూ కనుమరుగవుతున్నాయి, కనీసం పేర్లనయినా దాచుకుందాం.