కాలువ తవ్వినవాళ్లు: గ్రామీణ బ్రాడ్‌బాండ్ చరిత్రపై ఒక పరిశీలన

ఉప్పునుంతల మండలంలో, దుందుభి వాగు పరిసరాల ఊళ్లలో 'కాలువ' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి నీళ్లు వచ్చేది, రెండోది తీగ పోయేది. మొదటిదాన్ని మావాళ్లు దేశమంతా తిరిగి తవ్వి 'పాలమూరు లేబర్' అనే పేరు తెచ్చుకున్నారు. తమ చేలకు మాత్రం చాలాకాలం ఆ నీళ్లు రాలేదు. రెండోదాన్నీ వాళ్లే తవ్వారు. పట్నాల రోడ్ల పక్కన టెలిఫోన్ కేబుళ్ల కోసం నడుం లోతు మట్టి ఎత్తిపోసిన కుటుంబాలను నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఆ కాలువలో ఏం పోతుందో మేస్త్రీ వాళ్లకు చెప్పలేదు. అడ్వాన్సు తీరితే చాలనుకునేవాళ్లకు అడిగే తీరికా లేదు.

బ్రాడ్‌బాండ్ చరిత్రను సాధారణంగా మంత్రుల ప్రకటనలతో మొదలుపెడతారు. నేను కాలువతో మొదలుపెట్టడానికి కారణముంది. సమాచార సాధనం ఏదీ తటస్థంగా ఊళ్లోకి రాదు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య మొదలైన టెలిగ్రాఫ్ తీగ కంపెనీ పాలన అవసరాల కోసం పెరిగింది; 1857 తిరుగుబాటును అణచడానికి పనికొచ్చింది. తీగ ఎవరి అవసరం కోసం వేశారు? ఖర్చు ఎవరు భరించారు? అదుపు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు వేయని చరిత్ర ప్రచార కరపత్రంగానే మిగులుతుంది.

1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మన దేశంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ప్రజలంటే అప్పటికి మహానగరాల్లో ఫోనూ కంప్యూటరూ ఉన్నవాళ్లు. 2004 బ్రాడ్‌బాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బాండ్ అంది. 2010 నాటికి 2 కోట్ల కనెక్షన్లు లక్ష్యంగా పెట్టుకుంటే, వచ్చినవి సుమారు కోటి పది లక్షలు. అవీ ఎక్కువగా పట్టణాలవే. లాభం కనబడని చోటికి పెట్టుబడి తీగ లాగదని తేలిపోయింది.

ఈ సంగతి ప్రభుత్వానికి ముందే తెలుసు. అందుకే 2002లో సార్వత్రిక సేవా నిధి ఏర్పడింది. టెలికాం కంపెనీల సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం దానికి జమ కావాలి. కంపెనీ ఆదాయం మాట్లాడేవాడి జేబులోంచే కదా వస్తుంది! పూణె గుడిసెలోంచి ఇంటికి ఫోన్ చేసిన ప్రతి పాలమూరు కూలీ ఈ నిధికి చందాదారే.

ఆ నిధితో 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకాన్ని ఆమోదించింది. సుమారు 20 వేల కోట్లతో, రెండేళ్లలో రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ చేర్చాలన్నారు. 2015లో దాని పేరు భారత్‌నెట్ అయింది. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. 2020 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి వెయ్యి రోజుల్లో ఆరు లక్షల గ్రామాలకు చేరుస్తామన్నారు. ఆ గడువు దాటాక, 2023 ఆగస్టులో, 1.39 లక్షల కోట్లతో సవరించిన పథకం వచ్చింది. 2025 నాటికి 2.14 లక్షల పంచాయతీలు 'సేవకు సిద్ధం' అని సర్కారు లెక్క. సిద్ధంగా ఉండడం వేరు, సేవ అందడం వేరు.

తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కాలువలోనే ఫైబర్ గొట్టం కూడా వేయాలని టీ-ఫైబర్ పథకం వేశారు. మా ఊళ్ల రెండర్థాలూ ఒకే కాలువలో కలిశాయి. 2024 డిసెంబరులో దాని సేవలు ప్రయోగాత్మకంగా కొన్ని గ్రామాల్లో మొదలయ్యాయి. పాత పాలమూరులోని మద్దూరు వాటిలో ఒకటి.

2020 సెప్టెంబరు 1న ప్రభుత్వ బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనప్పుడు నేనొక ఊరి పంచాయతీ కార్యాలయం ముందు కూర్చున్నాను. ఊరి పేరు అనవసరం. గోడకు ఇనుప పెట్టె ఉంది, దానికి తాళం ఉంది, లోపల దీపం వెలగడం లేదు. లాక్‌డౌన్‌లో పూణె నుంచి తిరిగొచ్చిన ఒక కూలీ ఆ పెట్టె చూసి అన్నాడు: "ఈ తీగ కోసం నేనెన్ని కిలోమీటర్లు తవ్విన్నో లెక్కలేదు సారూ. మా పోరికి మాత్రం పాఠం దొరకకపాయె." వాళ్లింట్లో టీవీ లేదు. ఉన్న ఒక్క ఫోనుకు రీచార్జి లేదు.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోన్ యాప్‌లో ఫొటో హాజరును తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే కూలి పోతుందనే భయం కూలీల్లో చూశాను. ఆ బిడ్డకు పాఠం ఇవ్వలేని వ్యవస్థ తల్లి హాజరుపట్టీని మాత్రం అడిగింది.

ఫోన్లలో చౌక డేటా వచ్చాక ఈ తీగెందుకని మిత్రులు అడుగుతారు. 2016 తర్వాత డేటా చౌకయిన మాట నిజమే. కానీ రీచార్జి ఎవరి కొనుగోలు శక్తిని బట్టి వాళ్లకు. బడికీ, గ్రంథాలయానికీ, ఆసుపత్రికీ కావలసింది ఉమ్మడి ఆస్తి. 2023 జూన్‌లో కేరళ ప్రారంభించిన కే-ఫోన్ పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యంగా పెట్టుకుంది. దాని నడకను విమర్శించవచ్చు గాని, ఆ సూత్రాన్ని కాదనలేం.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఒక విన్నపం. మీ ఊరి పంచాయతీ గోడ మీది పెట్టెను ఒకసారి తెరిపించి చూడండి. దాని దాకా కాలువ తవ్వినవాళ్లెవరో, వాళ్లకు గజానికి ఎంత ముట్టిందో అడిగి రాసుకోండి. వాళ్లింకా బతికి ఉన్నారు. వాళ్ల లెక్కలు ఏ కార్యాలయంలోనూ దొరకవు.